అదే జావ, అదే గిన్నె

"అదే జావ, అదే గిన్నె. మరి ఆ ఆయా చేత్తో ఎందుకు తినలేదో నాన్న," అన్నాడు భర్త, గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

ఆ మాట ఆమెతో అనలేదు. తలుపుతో అన్నట్టు అన్నాడు. జవాబు అక్కర్లేని మాటలు ఏ ఇంట్లోనైనా బోలెడు ఉంటాయి. అవి అలా గాల్లో కాసేపు తిరిగి ఏ మూలో సర్దుకుంటాయి. ఆమె మామగారి మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చెంచాతో జావ పైన కట్టిన పొరను పక్కకి జరిపి, మధ్యలోంచి కొంచెం తీసి, ఆయన కింది పెదవికి ఆనించి ఆగింది. ఆ ఆగడమే అందులో అసలు పని. తుంటి విరిగి మంచాన పడ్డప్పటినుంచీ ఆయన ఆకలి సంగతి మరిచిపోయారు. చెంచా పెదవికి తగిలాక ఆయన చూపు కిటికీ మీంచి గోడ మీదికి, గోడ మీంచి ఆమె మొహం మీదికి మెల్లగా వస్తుంది. వచ్చాక నోరు తెరుస్తారు. అప్పటిదాకా చెయ్యి కదలకూడదు. తొందరపడి తోస్తే పళ్ళు బిగిస్తారు, ఇక ఆ పూటకి అంతే సంగతులు.

చెంచాకీ చెంచాకీ మధ్య ఆమె చెయ్యాల్సిన పనులన్నీ ఆమె కళ్ళముందే నిలబడి ఉంటాయి. నానేసిన బట్టలు, మూత పెట్టని గిన్నెలు, దువ్వుకోని జుట్టు. వాటన్నిటినీ గుమ్మం అవతల నిలబెట్టి, ఈ ఒక్క నోటి కోసం కూర్చోవాలి. ఆమె తల్లి పోయినప్పుడు వెళ్ళి కర్మలయ్యేదాకా ఉండి వచ్చేసరికి మామగారి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు. ఆ రోజులకని పెట్టుకున్న ఆయా వేళ తప్పకుండానే పెట్టిందట. ఆ సంగతి తెలిసి ఆడపడుచు ఫోన్ చేసింది. "నీ చేతిలో ఏదో ఉంది వదినా. నాన్న ఎంత గట్టివాడు, నీకు తప్ప ఎవరికీ లొంగడు. మా అన్నయ్య పెట్టి పుట్టాడు." ఆ మాటకి ఆమె లోపల ఏదో తలుపు దానంతటదే తెరుచుకుంది. అలాంటి మాటలు ఆ ఇంట్లో ఎప్పుడూ కొదవ లేదు. నువ్వు పెడితేనే రుచి, నువ్వు సర్దితేనే కనిపిస్తాయి, నువ్వు ఉంటేనే ఇల్లు. వాటిని ఆమె ప్రేమ అనుకునే లోపలికి తీసుకుంది. కొంత ప్రేమ కూడా అయి ఉండొచ్చు. భర్త చెడ్డవాడు కాదు. అందరూ మంచివాడంటారు, ఆమె కూడా కాదనదు.

మామగారు గిన్నె ఖాళీ చేశాక మూతి తుడిచి, ఆమె బస్సుకి పరిగెత్తింది. ఎప్పటిలాగే తను తినాల్సింది డబ్బాలో పెట్టుకుని.

ఆమె పనిచేసేది మెదడు జబ్బుల పరిశోధనశాలలో. చేతులు వణికి, ఒళ్ళు బిగుసుకుని, వేద్దామనుకున్న అడుగు ముందుకు పడని జబ్బు ఒకటుంది. దానికి మందు వెతకాలంటే ముందు ఆ జబ్బుని ఎలుకలో పుట్టించాలి. మెదడు అడుగున, బాగా లోతున, రెండు పక్కలా డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు ఉంటాయి. ఉండేవి కాసిన్నే, కాని ఒళ్ళు కదలాలంటే వాటి చలవే. ఎలుకకి మత్తిచ్చి, పుర్రెకి ఆవగింజంత బెజ్జం చేసి, వెంట్రుకలాంటి సూదితో అక్కడికి విషం దింపుతారు. ఆ విషం చూడ్డానికి డోపమైన్‌కి తోబుట్టువులా ఉంటుంది. కణం దాన్ని పరాయిదనుకోదు. తన సరుకే తిరిగొచ్చిందనుకుని తలుపు తీస్తుంది. లోపలికి చేరాక అది కణాన్ని లోపల్నుంచే కాల్చేస్తుంది. పక్కనున్న వేరే రకం కణాలకి ఆ తలుపు లేదు, అందుకని వాటికేమీ కాదు. కొత్తగా చేరిన విద్యార్థులకి ఇది చెప్పేటప్పుడు ఆమె, "జొరబడదమ్మా, తలుపు తీయించుకుంటుంది" అనేది. వాళ్ళు రాసుకునేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా చెప్పేది. కణాలు పోవడం మొదలవగానే జబ్బు బయటపడదు. మిగిలినవి పోయినవాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. ఒక్కోటి రెండింటి పని, మూడింటి పని చేస్తుంది. మనిషి నడుస్తూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు. సగానికి పైగా పోయాక, ఇక మొయ్యలేనంత అయ్యాక, ఒకరోజు చెయ్యి వణుకుతుంది. ఇంట్లోవాళ్ళు ఉన్నట్టుండి వచ్చిందంటారు. ఉన్నట్టుండి వచ్చేదేమీ ఉండదు. తల్లి పోయినప్పుడు తమ్ముడు కూడా అదే మాట అన్నాడు. "బాగానే ఉందక్కా, ఉన్నట్టుండి పోయింది."

పరిశోధనశాల పెద్దని అందరూ పెద్దసారంటారు. ఆయన తెప్పించే ఎలుకలన్నీ మగవే. ఆడవాటి ఒంట్లో హార్మోన్లు నాలుగైదు రోజులకోసారి మారతాయి కాబట్టి లెక్క కుదరదంటారు. "ఆడవాళ్ళతో లెక్కలు తేలవమ్మా, మా ఇంట్లోనూ అంతే" అని నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది. నవ్వడం ఆ ఉద్యోగంలో ఒక భాగం.

విషం దింపాక ఎలుకలు తినడం మానేస్తాయి. ఎదురుగా మేతున్నా మూతి అటు తిప్పవు. కొత్త మందు కలిపిన మేత మరీ చేదు. ఆ మందు పూర్తిగా కడుపులోకి వెళ్ళాలి కాబట్టి ఆ ఎలుకలకి తినిపించే పని ఆమెకి వచ్చింది. "నీకు ఓపికెక్కువ" అన్నారు పెద్దసారు. పోల్చి చూడటానికి మందు ఇవ్వకుండా ఉంచిన ఎలుకలకి అదే మేత నానబెట్టి, బోన్ల పని చూసే ఆయన గిన్నెల్లో పెట్టి వెళ్ళేవాడు. మరీ నీరసించినవాటికి సెలైన్ ఎక్కించేవాళ్ళు. ఆమె మాత్రం మందు ఎలుకల్ని ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో గుడ్డ పరిచి కూర్చోబెట్టుకుని, తొడుగేసుకున్న వేలి చివర కొంచెం మేత పెట్టి, మూతి దగ్గర ఆనించి ఆగేది. మీసాలు కదిలేదాకా ఆగేది. బోన్లాయన గిన్నెలు కడుక్కుంటూ అటు తొంగి చూసి అడిగేవాడు.

"అల్లుళ్ళు భోంచేశారా మేడమ్?"

"పెద్దల్లుడు అలిగాడు."

"వాడికి రెండో ముద్ద దాకా అలకే. మా వైపు వాళ్ళు నయం, అడిగేవాళ్ళు లేరు కాబట్టి అలగరు."

కొన్ని వారాలకి మందు తిన్న ఎలుకలు లేచాయి. పెద్ద గాజు జాడీలో వదిలితే వెనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళు రెండూ గోడకి ఆనించి చూశాయి. మందు లేనివి మూలన ముడుచుకుని కూర్చున్నాయి. ఒకే ఒక్క చిక్కు. ఆఖరున మెదళ్ళు కోసి రంగేసి చూస్తే, చచ్చిపోయిన కణాలు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. మందు ఏ కణాన్నీ కాపాడలేదు. "మిగిలినవాటికి బలం ఇస్తోందన్నమాట. ఇది ఇంకా పెద్ద సంగతి," అన్నారు పెద్దసారు ఉత్సాహంగా. "వ్యాసం నువ్వే రాయి. ఈసారి నీ పేరే ముందు."

ఇన్నేళ్ళుగా ఆమె పేరు వ్యాసాల్లో మధ్యలో ఎక్కడో ఉండేది, పెళ్ళి ఫొటోలో దూరపు చుట్టంలా. ముందు పేరుంటే పైమెట్టు ఉద్యోగానికి అర్హత వస్తుంది. ఆ ఉద్యోగానికి ఇదే ఆఖరి ఏడు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ఇంటికెళ్ళి చెప్తే భర్త సంతోషించాడు. "మరి జీతం పెరిగితే పని కూడా పెరుగుతుందేమో, నాన్నకి ఇబ్బంది కాకుండా చూసుకో" అన్నాడు.

భర్త తలుపుతో ఆ జావ మాట అన్న రోజు మధ్యాహ్నం ఆమె వ్యాసంలో, ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం రాస్తోంది. రెండు గుంపులకీ మందొక్కటే తేడా, మిగతావన్నీ సమానం అని చూపించాలి. ఒకే వయసు, ఒకే గది, ఒకే వెలుతురు. రెండు గుంపులకూ అదే మేత, అదే గిన్నె అని రాయబోయి ఆగిపోయింది.

అదే జావ, అదే గిన్నె. మరి ఎందుకు తినలేదో.

చాలాసేపు ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎంత చిన్న పొరపాటు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, గదిలో వెలుతురు కూడా కొలిచి పెట్టుకునేవాళ్ళు, ఒక గుంపుకి గిన్నె, ఇంకో గుంపుకి చెయ్యి ఇచ్చి, రెండూ ఒకటే అనుకున్నారు. పెద్దసారు ఆమె చేతిని లెక్కలో వెయ్యలేదు. ఆయన సంగతి సరే, తను కూడా వేసుకోలేదు. ఎలుక మూతి దగ్గర వేలు పెట్టి మీసాలు కదిలేదాకా కూర్చున్న ఆ గంటలన్నీ పని అని ఆమెకే తోచలేదు. ఇంట్లో చేసీ చేసీ అది కంటికి కనపడకుండా పోయింది. లేచి నిలబడ్డది మందు వల్ల కాకపోవచ్చు. కడుపులో ఇంత పడ్డందుకు, ఒక ఒళ్ళో కాసేపు వెచ్చగా ఉన్నందుకు, మిగిలిన కాసిన్ని కణాలూ ఇంకొంచెం మోశాయేమో.

ఇంకెవరికీ ఈ అనుమానం రాదు. ఆమె ఊరుకుంటే వ్యాసం వస్తుంది, పేరు ముందుంటుంది. ఊరుకోవాలనే అనిపించింది. పేరు కోసమే కాదు. చెయ్యి లెక్కలోకి వస్తుందని ఒప్పుకుంటే దాని వెనకే ఇంకొకటి వస్తుంది, దాన్ని చూసే ధైర్యం ఆమెకి లేదు. తల్లి మంచం పట్టిందని తెలిసినప్పుడు, కొన్నాళ్ళు వెళ్ళి ఉంటానని అడిగింది. భర్త పేపర్ మడిచి నెమ్మదిగానే చెప్పాడు. "మీ తమ్ముడు మనిషిని పెట్టాడు కదా. తినిపించడానికి ఎవరైతే ఏం? నువ్వెళ్తే ఇక్కడ నాన్న సంగతేంటి?" రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అన్నాడు. తన తండ్రికి ఆమే కావాలి, ఆమె తల్లికి ఎవరైనా చాలు. అతనికి అందులో తేడా కనపడలేదు. ఆమెకి కూడా ఆ పూట కనపడలేదు, అదీ ఇప్పుడు మింగుడుపడనిది. ఫోన్లో తమ్ముడు చెప్పేవాడు. "వేళకి పెడుతున్నాం అక్కా, ఇక్కడి ఆయా ముందు పెట్టి వెళ్తోంది, అమ్మే తినట్లేదు." ముందు పెట్టి వెళ్తోంది. ఆ మాట విన్నాక కూడా ఆమె మామగారి గదిలోకి గిన్నె పట్టుకుని వెళ్ళింది. మందే పనిచేసిందనుకుంటే ఎంత హాయి. చెయ్యి ఎవరిదైనా ఒకటే అయితే అమ్మ వయసైపోయి పోయింది, అంతే. ఆమె ఆ వాక్యం దగ్గర కూర్చుని, అమ్మ పోయాక మొదటిసారి, ఏడవకుండా అమ్మ గురించి ఆలోచించింది. అమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాక, పొయ్యి దగ్గర నిలబడే తినేది. ఆవిడ తింటుండగా పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఎంత వెతికినా ఒక్కరూ గుర్తు రాలేదు.

ఆమె లేచి పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చేత్తో తినిపించడం సేవమ్మా. అది శాస్త్రం కాదు. దాన్ని వ్యాసంలో ఎక్కడ పెడతాం?"

"తేడా ఉన్నచోట పెడదాం సార్."

"నీ మంచికే చెప్తున్నా. పోనీ ఆ ముక్క వదిలెయ్. ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నాను సార్. మందు లేకుండా చేత్తో తినిపించి చూడాలి."

"అంటే మళ్ళీ మొదట్నుంచి. ఈ ఏటికి వ్యాసం ఉండదు. నీ దరఖాస్తు సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే వచ్చాను."

ఆయన కిటికీ వైపు చూస్తూ, "అన్నీ బాగుంటే ఆడవాళ్ళకి నిద్ర పట్టదు" అన్నారు. ఈసారి ఆమె నవ్వలేదు. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సరే, కానీ" అన్నారు. తప్పు వ్యాసం మీద తన పేరు కూడా ఉంటుందని ఆయనకి తెలుసు.

మళ్ళీ మొదలైంది. ఆమె తనొక్కతే తినిపించనంది. ఆమె చేతిలోనే ఏదో ఉందా, లేక ఏ చెయ్యైనా ఒకటేనా అన్నది కూడా తేలాలి కదా. సగం ఎలుకలు ఆమెకి, సగం బోన్లాయనకి. కొన్నిట్లో మందు, కొన్నిట్లో మందులాంటి చేదు మాత్రమే. ఏది ఏదో ఇద్దరికీ తెలియదు. ఇంకొన్నిటికి ఎప్పటిలాగే గిన్నెలో పెట్టి వెళ్ళాలి. ఆ గుంపు లేకపోతే ప్రయోగమే లేదు. ఆ వరుస ముందునుంచి నడిచేటప్పుడు, నిండుగా ఉన్న గిన్నెల వెనక ముడుచుకుని కూర్చున్న వాటిని చూడకుండా వెళ్ళడం ఆమెకి చాతకాలేదు. ఆగి చూసేది. చెయ్యి మాత్రం లోపల పెట్టేది కాదు.

మొదట్లో బోన్లాయన వేలు చూస్తేనే ఎలుకలు మొహం తిప్పుకున్నాయి. ఆయన చెయ్యి బరువు, తొందర ఎక్కువ.

"నావల్ల కాదు మేడమ్. ఇంట్లో మా పిల్లలకి కూడా ఎప్పుడూ తినిపించలేదు. ఇది ఆడచేతి పని."

"తోయకండి. ఆనించి ఊరుకోండి."

"ఎంతసేపు?"

"వేరే పని లేనట్టు."

"లేనట్టు అంటే ఎలా మేడమ్, బోలెడుంది."

"నాకూ ఉంది."

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాడు. కొన్నాళ్ళు పోయాక ఒక ఉదయం ఆమె లోపలికి వచ్చేసరికి ఆయన కదలకుండా, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఎలుక వేలి చివర నాకుతోంది. "తింటోంది మేడమ్," అన్నాడు గుసగుసగా. ఆ గొంతులో వెటకారం లేదు.

ఆఖరికి తేలింది ఇది. మందు వల్ల తేడా ఏమీ లేదు. చేత్తో తిన్నవన్నీ, మందున్నవీ లేనివీ, గాజు గోడకి రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాయి. ఆమె తినిపించినవీ, బోన్లాయన తినిపించినవీ ఒక్కలాగే నిలబడ్డాయి. గిన్నె ముందున్నవి లేవలేదు. పెద్దసారు కాగితాలు చూసి, "మందు పోయింది" అన్నారు. వాటిని మళ్ళీ ఒకసారి తిరగేసి, "దీన్ని కూడా వ్యాసంగా రాయొచ్చేమో చూడు" అన్నారు. ఆమె ఆశపడ్డ పైమెట్టు ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది.

బస్సులో కూర్చుని ఆమె తన చేతుల వైపు చూసుకుంది. అరిగిన గోళ్ళు, ఒక వేలికి పాత కాలిన మచ్చ. అందులో ఏమీ లేదు. ఇన్నేళ్ళూ అందరూ ఉందన్నది, తనూ ఉందనుకుని మురిసింది, ఏమీ లేదు. కావలసింది ఒక చెయ్యి, దాని వెనక తొందర లేని మనిషి. అమ్మ దగ్గర తనే ఉండనక్కర్లేదు. తమ్ముడైనా సరిపోయేవాడు, అతను పెట్టిన ఆయా ఐనా, కూర్చుని ఉంటే. ఆ మాట ఓదార్పో శిక్షో ఆమెకి తేలలేదు. రెండూ అనుకుని దాచుకుంది.

మర్నాడు పొద్దున జావ కాచింది. గిన్నెలో పోసి, చెంచా పెట్టి, మామగారి గదిలోకి కాకుండా హాల్లోకి తెచ్చి భర్త ముందు పెట్టింది. అతను బూట్లు వెతుక్కుంటున్నాడు.

"ఇదేంటి?"

"మీ నాన్నగారికి. పొద్దుటిది ఇక మీరు పెట్టండి."

"నేనా? నా చేత్తో తింటారా ఆయన? నీ చేతిలో అయితే..."

"నా చేతిలో ఏమీ లేదు. పరీక్ష చేసి చూశాను."

అతను జోక్ అనుకుని మొహం చూశాడు. కాదని తెలిసి, గిన్నె అందుకుని, ఏదో కొత్త వస్తువుని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె ఒక కంచం తెచ్చుకుని, వేడివేడిగా వడ్డించుకుని, బల్ల దగ్గర కూర్చుంది. లోపలి గదిలో ముక్కాలిపీట జరిపిన చప్పుడు వినిపించింది. కాసేపటికి అతని గొంతు, కొంచెం బెరుగ్గా.

"నోరు తెరవట్లేదు. ఎంతసేపు పడుతుంది?"

ఆమె ముద్ద కలుపుకుంటూ, తల తిప్పకుండా చెప్పింది.

"ఆయన తెరిచేదాకా."